థైరాయిడ్ మొత్తం తీసేశాక కూడా ఈ రక్త పరీక్షలు ఎన్నాళ్లు?

"థైరాయిడ్ క్యాన్సర్‌కి ఆపరేషన్ అయింది, మిగిలిన థైరాయిడ్ కణాల్ని చంపే రేడియో అయోడిన్ కూడా ఇచ్చారు, ఇంకా పరీక్షలెందుకు" అని ఒకరు అడిగారు. నాదీ థైరాయిడ్ క్యాన్సరే, పాపిలరీ అనే రకం. ఆరేళ్లయింది, ఇంకా వెళ్తూనే ఉన్నా. మొదట్లో ఆర్నెల్లకి, ఇప్పుడు ఏడాదికోసారి. ఎన్నాళ్లన్నది మీ డాక్టరు చెప్తారు. నేను ముందుగా చెప్పేది: ల్యాబ్ మార్చకండి.

రెండో ఏడాది మా వీధి చివర కొత్త ల్యాబ్ వాళ్లు సగం ధరకే చేస్తామన్నారు. "అదే రక్తం, అదే పరీక్ష, ఎక్కడైతే ఏంటి" అన్నారు మావారు. సరే అని ఇచ్చాం. రాత్రి తొమ్మిదింటికి రిపోర్టు ఫోన్లోకి వచ్చింది. థైరోగ్లోబ్యులిన్ 1.0. ఇది థైరాయిడ్ కణాలు మాత్రమే తయారుచేసే ప్రోటీన్, గ్రంథి తీసేశాక పెరిగితే క్యాన్సర్ తిరిగొచ్చిందేమోనని అనుమానం. అంతకుముందు 0.1. పది రెట్లు! ఆ రాత్రంతా అద్దం ముందు మెడ తడుముకుంటూనే ఉన్నా. మావారు పడుకున్నట్టు నటించారు.

పొద్దున్నే డాక్టరు గారు రిపోర్టు చూసి, "అమ్మా, అంకె ముందు గుర్తు చూశారా?" అన్నారు. చిన్నప్పుడు బళ్లో నేర్చుకున్న 'కంటే తక్కువ' గుర్తు! ఆ ల్యాబ్ మిషన్ 1.0 కిందకి కొలవలేదు, పాతది 0.1 దాకా కొలుస్తుంది. మళ్లీ పాత చోటే ఇస్తే ఎప్పటిలాగే 0.1 లోపు. సగం ధర కాస్తా ఒకటిన్నర ధర అయింది.

అసలు ఈ రిపోర్టులు మనలాంటి వాళ్ల కోసం రాయరండీ. థైరోగ్లోబ్యులిన్ పక్కన వేసే 'నార్మల్' హద్దులు గ్రంథి ఉన్నవాళ్లవి. గ్రంథే లేని మనకి 20 వచ్చినా నార్మల్ అనే చూపిస్తుంది! థైరాయిడ్‌ని పనిచేయించే హార్మోన్ టీఎస్‌హెచ్ దగ్గర దానికి తలకిందులు. అది మిగిలిన క్యాన్సర్ కణాల్ని పెంచకూడదని డాక్టరు మాత్రతో కావాలనే తక్కువలో ఉంచితే, లావు అక్షరాల్లో 'తక్కువ' అని కొడతారు. అది చూసి మా ఆడపడుచు థైరాయిడ్ మాత్ర డోసు తగ్గించుకోమని సలహా. ఆవిడ చదివింది బీకాం.

యాంటీ థైరోగ్లోబ్యులిన్, అంటే థైరోగ్లోబ్యులిన్‌కి వ్యతిరేకంగా మన ఒంట్లో పుట్టే యాంటీబాడీల పరీక్ష కూడా తప్పకుండా రాయించుకోండి. ఆ యాంటీబాడీలు మనలో నలుగురైదుగురిలో ఒకరికి ఉంటాయట. ఉంటే థైరోగ్లోబ్యులిన్ ఉన్నదానికన్నా తక్కువ చూపించి మోసం చేస్తుంది. జుట్టు ఊడుతోందని బయోటిన్ బిళ్లలు వాడుతుంటే ఆ మాట ముందే చెప్పండి, అవి కూడా లెక్క తప్పిస్తాయి. నన్నైతే మూడు రోజుల ముందే ఆపమన్నారు.

ఇంకోటి, ఆ రోజు థైరాయిడ్ మాత్ర నేను రక్తం ఇచ్చాకే వేసుకుంటా. ఆ తర్వాత ఇడ్లీ కోసం ఇంకో గంట కాచుకుని కూర్చోవాలి, అదొక్కటే నాకు చిరాకు.