పెరట్లో స్వీట్‌కార్న్ వేస్తే పొత్తుకు సగం గింజలే ఎందుకు పడతాయి?

చాలావరకు కారణం గోడ వెంట ఒకే వరుసగా వేయడమే. మొక్కజొన్నకు పుప్పొడిని మోసేది గాలి. పొత్తు కొసన వచ్చే పీచులో ఒక్కో పోగు ఒక్కో గింజది. పుప్పొడి అందని పోగు దగ్గర గింజ పట్టదు. అందుకే 20 విత్తనాలే ఉన్నా నాలుగైదు వరుసలుగా, చదరంగా వేయండి. వరుసల మధ్య 60 సెం.మీ., మొక్కల మధ్య 20–25 సెం.మీ. చాలు. పీచు వచ్చాక మూడు నాలుగు రోజులు ఉదయంపూట మొక్క కొసన ఉండే మగపూతను (పుప్పొడి రాల్చే కంకిని) దాని మీద దులిపితే ఇంకా మంచిది.

డెల్టాలో రెండో ఇబ్బంది నేల. మన నల్ల బంకమట్టిలో నీరు నిలుస్తుంది. ఈ విత్తనంలో పిండిపదార్థం తక్కువ కాబట్టి తడి ఎక్కువైతే మొలకెత్తకముందే కుళ్లిపోతుంది. తుఫాను వానలు తగ్గాక, నవంబరు చివర నుంచి జనవరి లోపు, పశువుల ఎరువు కలిపిన బోదెల (ఎత్తు చేసిన మట్టి గట్ల) మీద 2–3 సెం.మీ. లోతున పెట్టండి. మోకాలెత్తు పెరిగాక, మళ్లీ పూతకు ముందు కాస్త యూరియా వేయండి. పూత, పీచు దశలో మాత్రం నీటికి లోటు రానివ్వొద్దు, అప్పుడు ఎండగడితే ఎన్ని వరుసలున్నా గింజ పట్టదు.

ఆకు సుడిలో రంపపు పొట్టులాంటి రెట్ట ఉంటే అది కత్తెర పురుగు, ఏరి చంపండి. దగ్గర్లో మామూలు మొక్కజొన్న అదే సమయానికి పూస్తే తీపి తగ్గుతుంది.

పీచు వచ్చిన 18–22 రోజులకు గింజను గోటితో గిల్లి చూడండి. పాలు కారితే కోయాలి, నీళ్లలా ఉంటే ఆగాలి, ముద్దగా ఉంటే ముదిరినట్టే. కోసిన రోజే ఉడికించుకోండి. ఆలస్యమయ్యేకొద్దీ చక్కెర పిండిగా మారిపోతుంది.