ఆఫర్ వెనక్కి తీసుకోవాలంటే ముందు రిపోర్ట్ చేతికివ్వండి

ప్రశ్న: డాలస్ దగ్గర మా బావగారికి చిన్న వేర్‌హౌస్ ఉంది. ఇరవై మంది దాకా పనిచేస్తారు, హెచ్ఆర్ పనులు నేనే చూస్తాను. ఒకబ్బాయికి స్టాక్ సూపర్‌వైజర్‌గా ఆఫర్ ఇచ్చాక, ఏజెన్సీ పంపిన బ్యాక్‌గ్రౌండ్ రిపోర్టులో దొంగతనం కేసు కనిపించింది. 'సారీ అని ఒక మెయిల్ కొట్టెయ్, కారణం చెప్పక్కర్లేదు' అంటున్నారు బావగారు. అతను పాత ఉద్యోగం మానేసినట్టున్నాడు. టెన్షన్‌గా ఉంది, ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, టెక్సాస్

జవాబు: ఆ మెయిల్ మాత్రం పంపకండమ్మా. అమెరికాలో ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ యాక్ట్ అని 1970 నాటి చట్టం ఉంది. పేరులో క్రెడిట్ ఉంది కదా, బ్యాంకుల వ్యవహారం అనుకుంటారు చాలామంది, కానీ బయటి ఏజెన్సీతో చెక్ చేయించిన యజమాని ఎంత చిన్నవాడైనా దాని కిందికే వస్తాడు. రిపోర్ట్ చూసి వద్దనుకుంటున్నప్పుడు, ఆ నిర్ణయం ఖాయం చేయకముందే, రిపోర్ట్ కాపీ, దానితోపాటు హక్కులు వివరించే ప్రభుత్వ పత్రం అభ్యర్థికి పంపాలి. తర్వాత ఆగాలి. ఎన్ని రోజులో ఫెడరల్ చట్టం చెప్పలేదు, కనీసం అయిదు పనిదినాలు ఆగడం అందరూ పాటించే పద్ధతి.

ఎందుకు ఆగాలంటే, ఆ కేసు అతనిది కాకపోవచ్చు. 2011లో కాలిఫోర్నియాలో సెర్జియో రమిరెజ్ అనే ఆయన కారు కొనబోతే, ఆయన పేరు ఉగ్రవాదులు, డ్రగ్స్ ముఠాల వంటివాళ్లతో ప్రభుత్వం ఉంచే జాబితాలోని పేరుతో కలుస్తోందని క్రెడిట్ రిపోర్టులో వచ్చింది, డీలరు ఆయనకు అమ్మలేదు. ఆ రిపోర్ట్ ఇచ్చిన ఏజెన్సీ పోల్చింది పేరూ ఇంటిపేరూ మాత్రమే, పుట్టినతేదీ చూడనేలేదు! ఇదే చట్టం కింద ఆయన వేసిన కేసు 2021లో అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మన రెడ్లు, రావులు ఎంతమంది ఒకే పేరుతో ఉన్నారో మీకు చెప్పాలా? అందుకని ముందు మీరే ఆ రిపోర్ట్ తెరిచి, కేసు ఎదురుగా ఉన్న పుట్టినతేదీ, మధ్య పేరు, కౌంటీ అతని వివరాలతో కలుస్తున్నాయో లేదో చూడండి, ఆ తర్వాత చివర్లో కేసు ఏమైందో రాసిన గడి చూడండి. అక్కడ కొట్టివేశారని ఉంటే శిక్ష పడనట్టే, అరెస్టయినంత మాత్రాన నేరం చేసినట్టు కాదు.

కేసు నిజంగా అతనిదే, శిక్షా పడింది అనుకుందాం. అప్పుడైనా నేరం ఎలాంటిది, ఎన్నేళ్లయింది, ఈ పనికీ దానికీ సంబంధం ఏమిటి అని బేరీజు వేయాలని, ఉద్యోగాల్లో వివక్షను చూసే ఫెడరల్ సంస్థ ఈఈఓసీ 2012లో మార్గదర్శకాలిచ్చింది. పదిహేను మందికి పైబడి ఉన్నారు కాబట్టి వివక్ష చట్టం మీకూ వర్తిస్తుంది. స్టాక్ అప్పగించే ఉద్యోగం, నిన్న మొన్నటి దొంగతనం అయితే బావగారి భయంలో న్యాయం ఉంది. పంతొమ్మిదేళ్ల వయసులో ఎప్పుడో షాపులో ఏదో ఎత్తుకుని, ఆ తర్వాత మచ్చ లేకుండా బతికినవాడైతే నేనైతే తీసుకుంటాను. ఏదైనా అతను చెప్పేది విన్నాకే తేల్చుకోండి. రిపోర్ట్ తప్పని అతను ఏజెన్సీకి రాస్తే, వాళ్లు మామూలుగా ముప్పై రోజుల్లో విచారించాలి.

అప్పటికీ వద్దనుకుంటే రెండో ఉత్తరం రాయండి. అందులో ఏజెన్సీ పేరు, చిరునామా, ఫోన్ నంబర్, నిర్ణయం మీదే తప్ప ఏజెన్సీది కాదన్న మాట, అరవై రోజుల్లోగా అడిగితే రిపోర్ట్ ఉచితంగా ఇస్తారనీ, తప్పులుంటే సవాలు చేయొచ్చనీ ఉండాలి. ఇవేవీ అక్కర్లేదని బావగారు గట్టిగా అంటే ఒక్క లెక్క చెప్పండి, చట్టాన్ని కావాలని పట్టించుకోలేదని కోర్టు తేలిస్తే, అతనికి జరిగిన నష్టం గానీ, లేదంటే మనిషికి 100 నుంచి 1,000 డాలర్ల దాకా గానీ కట్టాల్సి రావచ్చు, పైన లాయరు ఫీజులు వేరే.

మరో మాట, ఈ సంగతి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లోకి పోనివ్వకండి, అతనికి ఇంకెక్కడా ఉద్యోగం పుట్టదు. అతని జవాబు వచ్చేదాకా ఆ పోస్టులోకి ఇంకొకరిని తీసుకోకండి కూడా.