ఉద్యోగం పోయాక మళ్లీ విచారణా?

ప్రశ్న: మా చెల్లి ఇంగ్లండ్‌లో మ్యాథ్స్ టీచర్. తనతో పనిచేసే ఒకాయన్ని స్కూలువాళ్లు తీసేశారు, ఇప్పుడేమో ఏదో ఏజెన్సీ మళ్లీ విచారిస్తోందట. ఒకే తప్పుకు రెండుసార్లేంటండీ?
— ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: రెండూ ఒకటి కాదమ్మా. స్కూలు తీసేస్తే ఆ ఉద్యోగం పోతుంది, అంతే. ఆయన అసలు పాఠం చెప్పడానికి తగునా అన్నది 2018లో వచ్చిన టీచింగ్ రెగ్యులేషన్ ఏజెన్సీ చూస్తుంది. మామూలుగా ముగ్గురి ప్యానెల్ కూర్చుంటుంది, అందులో టీచరూ ఉంటారు, ఆ వృత్తితో సంబంధం లేనివాళ్లూ ఉంటారు. క్రిమినల్ కోర్టులోలా అనుమానానికి తావులేకుండా రుజువు కానక్కర్లేదు, జరగలేదనే దానికంటే జరిగి ఉంటుందనే దానికి బలం ఎక్కువుంటే చాలు (చాలామందికి మింగుడుపడనిది ఇదే). తప్పు తేలినా ప్రతిసారీ నిషేధం పడదు. ప్యానెల్ సిఫార్సు చేస్తుంది, నిర్ణయం విద్యామంత్రి తరఫున ఒక సీనియర్ అధికారిది. పడితే మాత్రం జీవితాంతం. ఆర్డర్‌లో వీలిస్తే కనీసం 2 ఏళ్ల తర్వాత ఎత్తేయమని అడగొచ్చు, హైకోర్టుకు వెళ్లాలంటే 28 రోజులే గడువు. నిర్ణయాన్ని పేరుతో సహా ఇంటర్నెట్‌లో పెడతారు, నాకైతే అదే పెద్ద శిక్ష అనిపిస్తుంది. మీ చెల్లిని సాక్షిగా పిలిస్తే టెన్షన్ పడొద్దనండి, చూసింది చూసినట్టు చెప్పమనండి.