పై ఫ్లాట్ వాళ్ళు రాకపోయినా ఫ్రీహోల్డ్ కొనొచ్చు

పైవాళ్ళు రాకపోయినా ఫ్రీహోల్డ్, అంటే ఇల్లూ స్థలమూ కలిపి అసలు యాజమాన్యం, మీరు కొనొచ్చండి. లండన్ ఇల్ఫర్డ్‌లో మీ పాత ఇంట్లో మూడు ఫ్లాట్లు, పైవాళ్ళు మాకొద్దంటున్నారు, మిగిలింది మీరూ కిందవాళ్ళే అన్నారు కదా, ఇంగ్లండ్‌లో లీజు ఫ్లాట్ల 1993 చట్టం ప్రకారం సగం ఫ్లాట్లు కలిసొస్తే చాలు (రెండే ఫ్లాట్లయితే మాత్రం ఇద్దరూ ఉండాల్సిందే). కాకపోతే పైవాళ్ళ వాటా డబ్బు కూడా మీరే పెట్టుకోవాలి, తర్వాత వాళ్ళ గ్రౌండ్ రెంట్ (లీజు కింద ఫ్రీహోల్డ్ ఓనర్‌కి కట్టే అద్దె) మీకే వస్తుందిలెండి. ఒక్కటి కనుక్కోండి, ఇంటిని ఫ్లాట్లుగా విడగొట్టిన ఫ్రీహోల్డ్ ఓనరే ఇంకా అందులో కాపురముంటే ఈ హక్కు రాకపోవచ్చు.

మీ లీజు, అంటే ఫ్లాట్ మీదుండే గడువు, 81 ఏళ్ళే మిగిలిందన్నారు, అసలు తొందర అక్కడుంది. 80 కన్నా తగ్గితే మ్యారేజ్ వాల్యూ అని ఇంకోటి (కొనడంతో పెరిగే విలువలో ఓనర్ వాటా) కలుస్తుంది, రేటు బాగా పెరుగుద్ది, నోటీసిచ్చిన తేదీనే చూస్తారు కాబట్టి సర్వేయర్‌తో వాల్యుయేషన్ చేయించి సెక్షన్ 13 నోటీసు (ఫ్రీహోల్డ్ కొంటామని ఓనర్‌కిచ్చేది) పంపించేయండి. దానికి ముందే ఎవరెంత పెడతారు, మధ్యలో ఒకరు తప్పుకుంటే ఖర్చులెవరివి అన్నది కాయితం మీద రాసుకోండి, ఎంత మంచి పక్కింటివాళ్ళైనా సరే, ఎందుకంటే ఓనర్ లాయర్ ఖర్చు కూడా మన నెత్తినే పడుద్ది. నలుగురి దాకా పేర్లు ఓనర్లుగా నేరుగా ల్యాండ్ రిజిస్టర్‌లో పెట్టొచ్చు, కొనడానికి మీకు కంపెనీ అక్కర్లేదు. కొన్నాక మీ ఇద్దరి లీజులు 999 ఏళ్ళకి పెంచేసుకోండి, అదే సాలిసిటర్‌తో ఒకేసారి అయిపోద్ది.