మాస్కు పెట్టుకుంటే నోరెండిపోతోంది

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లా టంగుటూరు దగ్గర పల్లె. మా మామగారికి 68 ఏళ్ళు. పొగాకును వేడితో ఆరబెట్టే బ్యారన్ల దగ్గర చాలా ఏళ్ళు పనిచేశారు, చుట్ట అలవాటు కూడా ఉండేది. సీఓపీడీ (ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకైపోయే దీర్ఘకాల జబ్బు) ఉందని, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరుగుతోందని చెప్పి, రాత్రిపూట బైపాప్ మిషను (మాస్కు ద్వారా ఒత్తిడితో గాలి అందించేది) పెట్టుకోమన్నారు. ముక్కుకు మాత్రమే పెట్టే మాస్కు ఇచ్చారు. ఏసీ వేసుకొని పడుకుంటారు. అర్ధరాత్రి దాటేసరికి నోరు పిడచగట్టుకుపోయి మాస్కు తీసేస్తున్నారు. మిషనుకు గాలిని తడిపే నీళ్ళ డబ్బా ఉంది గానీ, బోరు నీళ్ళు పోస్తే అడుగున తెల్లగా పేరుకుంది, గొట్టంలో గుడగుడమని చప్పుడు వచ్చింది. నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతాయని తెలిసినవాళ్ళు భయపెడితే డబ్బా తీసేశాం. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ మామగారు మాస్కు తీసేయడాన్ని మొండితనం అనుకోకండి. ఆయన పడుతున్న బాధ నిజమైనది, దానికి కారణమూ ఉంది. మనం పీల్చే గాలిని లోపలికి వెళ్ళేలోపు ముక్కు వెచ్చబరచి తడుపుతుంది. ఊపిరితిత్తులకు చేరేసరికి అది 37 డిగ్రీల వేడితో, లీటరుకు సుమారు 44 మిల్లీగ్రాముల నీటి ఆవిరితో ఉంటుంది. 24 డిగ్రీల ఏసీ గదిలో తేమ యాభై శాతం ఉందనుకుంటే లీటరు గాలిలో 11 మిల్లీగ్రాములకు మించి ఉండదు. ఆ లోటులో చాలా భాగం ముక్కే పూడ్చాలి. ఊపిరి వదిలేటప్పుడు ఆ తేమలో కొంత తిరిగి ముక్కు లోపలి పొరకే చేరుతుంది కాబట్టి, మామూలుగా ఈ పని మనకు తెలియకుండానే జరిగిపోతుంది.

ముక్కు మాస్కు పెట్టుకొని నిద్రలో నోరు తెరిచారంటే ఈ లెక్క తప్పుతుంది. ముక్కులోంచి లోపలికి తోసిన గాలి నోట్లోంచి బయటికి పోతుంది, తేమ తిరిగి ముక్కుకు అందదు. లోపలి పొర ఎండి వాస్తుంది, ముక్కు బిగుసుకుపోతుంది, ముక్కు ఆడక నోరు ఇంకా తెరుచుకుంటుంది. మీ మామగారి విషయంలో జరుగుతున్నది ఇదేనని నా అనుమానం. అందుకే నీళ్ళ డబ్బా గురించి ఆలోచించే ముందు, ఒక రాత్రి ఆయన పక్కన కూర్చొని చూడండి. నోరు తెరిచి ఉండి, పెదవుల మధ్య నుంచి గాలి బుస్సుమని వస్తుంటే, ముక్కూ నోరూ రెండూ కప్పే మాస్కు సరిపోతుందేమో మీ డాక్టరుగారిని అడగండి. అలాంటి మాస్కు ఇస్తే, వాంతి వచ్చేలా ఉన్నప్పుడు ఆయన తనంతట తాను వెంటనే తీసుకోగలగాలి. అది ముందే సాధన చేయించండి. గాలి కారుతోందని పట్టీలు మరీ బిగించడం మాత్రం పొరపాటు. పట్టీ కింద రెండు వేళ్ళు దూరాలి. అంతకంటే బిగిస్తే ముక్కు దూలం మీద చర్మం ఎర్రబడి, ఒరుసుకుపోయి పుండు పడుతుంది. ఆ పుండుతో ఎవరూ మాస్కు పెట్టుకోలేరు.

ఇక నీళ్ళ డబ్బా. దాన్ని తప్పకుండా మళ్ళీ పెట్టండి. అందులోంచి ఊపిరితిత్తుల్లోకి వెళ్ళవలసింది ఆవిరి మాత్రమే. మీరు విన్న గుడగుడ, వెచ్చని తేమగాలి ఏసీ చల్లదనానికి గొట్టం గోడల మీద నీళ్ళుగా మారి, వంపులో నిలిచిన చప్పుడు. గొట్టానికి గుడ్డ తొడుగు వేయండి, మిషనును తలగడ కంటే పల్లంలో పెట్టండి, ఏసీ చల్లదనం కొంచెం తగ్గించండి, అప్పటికీ నీళ్ళు చేరుతుంటే తేమ మీటను ఒక మెట్టు దించండి. నిలిచిన నీటిని మాస్కు తీసేశాకే ఒంపేయాలి. డబ్బాలో గీత దాటి పోయకూడదు, నీళ్ళున్న మిషనును కదపనూ కూడదు. అలా చేసినప్పుడే డబ్బాలోని నీళ్ళు గొట్టంలోకీ మిషనులోకీ పోయేది.

మీ బోరు నీళ్ళలో లవణాలు ఎక్కువ. అడుగున పేరుకున్న తెలుపు అదే. కాచి చల్లార్చితే క్రిములు చస్తాయి గానీ లవణాలు పోవు. మందుల షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ వాడండి, బ్యాటరీలకు పోసే నీళ్ళు వద్దు. రోజూ ఉదయం మిగిలిన నీళ్ళు పారబోసి, డబ్బాను సబ్బునీటితో కడిగి ఆరబెట్టండి. పేరుకున్న తెలుపు, నీళ్ళు కలిపిన వెనిగర్‌లో కాసేపు నానబెడితే వదులుతుంది. ఎండిన పెదవులకు, ముక్కుకు వాజలీన్ పూయకండి. ఆక్సిజన్ కూడా పెడుతుంటే మరీ కూడదు. ముక్కులో సెలైన్ చుక్కలు వేయవచ్చు.

గాలి ఒత్తిడి అంకెలను మాత్రం మీరు మార్చవద్దు. కఫం చిక్కబడి బయటికి రాకపోయినా డాక్టరుగారికి చెప్పండి. పగలు కూడా మత్తుగా పడుకొని ఉండటం, మాట తడబడటం, పిలిస్తే సరిగా పలకకపోవడం కనిపిస్తే కార్బన్ డయాక్సైడ్ పెరుగుతోందని అనుమానించి, ఆలస్యం చేయకుండా మిషనుతో సహా ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.