బేవుల్ఫ్‌ను చెవితో చదువు

చిరంజీవికి ఆశీస్సులు.

ఆంగ్ల సాహిత్య చరిత్రను తెలుగులో వరుసగా రాయాలన్న ఆలోచన బాగుంది. నువ్వు పంపిన మొదటి వ్యాసంలో మాత్రం రాజుల పేర్లు, యుగాల పేర్లు తప్ప ఒక్క పద్యపాదం లేదు. వాటిలో సగం కొట్టేసి, ఆ చోట పాత ఇంగ్లిష్ వీరకావ్యం ‘బేవుల్ఫ్’ పాదం ఒకటి పెట్టు. యతి తెలిసిన మన పాఠకుడికి దాని కిటుకు ఇట్టే అందుతుంది.

4వ పాదం తీసుకో: ‘ఓఫ్ట్ షిల్డ్ షేవింగ్ – షెయదెన థ్రేయటుమ్’. మధ్యలో విరుపు. ఇటు రెండు, అటు రెండు, మొత్తం నాలుగు ఊనికలు, అంటే ఒత్తి పలికే చోట్లు. ‘ఓఫ్ట్’ మీద ఊనిక లేదు కాబట్టి అది లెక్కలోకి రాదు. విరుపు తర్వాత వచ్చే మొదటి ఊనిక, ఇక్కడ ‘షె’, పాదానికంతటికీ ఇరుసు. మొదటి సగంలో ఒక్క ఊనికైనా దానితో కలవాలి, అంటే అదే ధ్వనితో మొదలవాలి; రెండూ కలిస్తే మరీ మంచిది. చివరిది కలవకూడదు. అంత్యప్రాస ఊసే లేదు.

యతితో పోల్చు, కానీ తేడాలు చెప్పకుండా వదలకు. ఉత్పలమాలకు 10వ అక్షరం, చంపకమాలకు 11వ అక్షరం యతిస్థానం. ఊనికతో మనకు పనిలేదు. పాత ఇంగ్లిష్ కవులకు ఊనికే లెక్క, అక్షరాల సంఖ్య ఎంతైనా కావచ్చు. మనకు అకారానికి ఇకారం చెల్లదు. వాళ్లకు ఏ అచ్చుకైనా ఏ అచ్చైనా చెల్లుతుంది. ఈ ఉదారత హల్లుల దగ్గర ఉండదు: ‘స్ట’తో మొదలైన మాటకు ‘స్ట’యే కావాలి, ఒట్టి ‘స’ చాలదు.

కావ్యం ఫలానా ఏడాది పుట్టిందని రాయకు. 8వ శతాబ్దం అనేవారున్నారు, 11వ శతాబ్దం మొదలు అనేవారూ ఉన్నారు. 3182 పాదాలకూ మిగిలింది ఒకే రాతప్రతి, సుమారు క్రీ.శ. 1000 నాటిది. బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. 1731 అగ్నిప్రమాదంలో దాని అంచులు కాలి, ఆ తర్వాత పొడిపొడిగా రాలుతూ వచ్చాయి. 1780ల చివర థోర్కెలిన్ అనే ఐస్‌లాండ్ పండితుడు నకలు ఒకటి రాయించి, ఇంకొకటి స్వయంగా రాసుకోబట్టి దాదాపు 2000 అక్షరాలు దక్కాయి. నువ్వు ఉదహరించే పాదంలో అలా పూరించినవి ఉన్నాయేమో పరిష్కర్త వివరణలో చూసుకో.

‘1066లో నార్మన్లు వచ్చారు, పాత ఇంగ్లిష్ పోయింది’ అన్న వాక్యం తీసెయ్. పీటర్‌బరో మఠంలో చరిత్ర వృత్తాంతాన్ని 1154 దాకా ఇంగ్లిష్‌లోనే రాశారు. బేవుల్ఫ్ నాటి పద్ధతీ చావలేదు. కాస్త సడలినా, 14వ శతాబ్దం చివర లాంగ్లండ్ అనే కవి రాసిన ‘పియర్స్ ప్లౌమన్’ కావ్యం నడిచింది ఆ బాటలోనే. అదే కాలంలో చాసర్ అనే కవి లండన్‌లో అంత్యప్రాసలతో రాస్తున్నాడు. రెండూ పక్కపక్కనే ఉన్నాయని చెబితే నీ యుగాల పట్టిక దానంతటదే కూలుతుంది.

చాసర్‌ను నేటి ఉచ్చారణతో చదివితే నడక కుంటుతుంది. ‘కాంటర్‌బరీ కథలు’ మొదటి రెండు పాదాల చివర ఉన్నవి ‘సోట’, ‘రోట’. ఇప్పుడు మనం ‘రూట్’ అనేది ఆ రెండోదాన్నే. చివరి అచ్చును అప్పట్లో పలికేవారు. అయితే తర్వాతి మాట అచ్చుతో మొదలైతే అది లోపిస్తుంది, సంధి మనకు కొత్తేం కాదు. కాక్స్టన్ అనే ముద్రాపకుడు 1476లో వెస్ట్‌మిన్‌స్టర్‌లో అచ్చుయంత్రం పెట్టేనాటికి దీర్ఘాచ్చులు ఇంకా మారుతూనే ఉన్నాయి. వర్ణక్రమం గట్టిపడింది, పలుకుబడి ముందుకు పోయింది. స్పెల్లింగుల గొడవకు పెద్ద మూలం అదే. దానికి వేరే వ్యాసం కేటాయించు.

షేక్‌స్పియర్ దగ్గర ఏ ప్రతి వాడుతున్నావో ముందే చెప్పు. ‘హామ్లెట్’ 1603, 1604–05, 1623 ముద్రణలు మూడూ మూడు రకాలు. 1603ది మిగతా రెంటికన్నా బాగా చిన్నది.

సవరించిన వ్యాసంతో పాటు బేవుల్ఫ్ పాదాలు పది, ఊనికలు గుర్తించి పంపు. చివరి ఊనిక ఎక్కడైనా కలిసినట్టు కనిపిస్తే గుర్తింపు తప్పిందేమో మళ్లీ చూసుకో.