ఎర్ర తల చిలుక, బూడిద తల చిలుక: రెండూ ఒకే జాతివా?

మా వైపు అడవి అంచున ఎర్ర తల చిలుకలు, బూడిద తల చిలుకలు కలిసి తిరుగుతున్నాయి, ఇవి రెండు జాతులా, ఒక పిల్లను తెచ్చి పెంచుకోవచ్చా అని అడిగారు.

రెండూ ఒకే జాతివేనండీ. ప్లమ్-హెడెడ్ పారాకీట్ అంటారు. తల ముందు భాగం ముదురు గులాబీగా ఉండి, వెనక్కి వెళ్ళేకొద్దీ ఊదా రంగుకు తిరిగి, మెడ చుట్టూ సన్నని నల్ల పట్టీ ఉంటే మగది. రెక్క భుజం మీద ఎర్ర మచ్చ కూడా ఉంటుంది. బూడిద నీలం తల, పసుపు పట్టీ ఉన్నది ఆడది, దానికి ఆ మచ్చ ఉండదు. గుంపులో ఆకుపచ్చ తలవి కూడా కనిపిస్తే అవి ఈ జాతి పిల్లలు. మగపిల్లకు ఆ తల రంగు పూర్తిగా రావడానికి రెండేళ్ళ పైనే పడుతుంది. ఆ ఎరుపు తిండి వల్ల వచ్చేది కాదు, చిలుకల ఒంట్లోనే తయారవుతుంది.

మామూలు రామచిలుకతో పోలిస్తే ఇది చిన్నది. తోకతో కలిపి 33 సెంటీమీటర్లు, అందులో సగానికి పైగా తోకే. ముక్కు చూడండి: రామచిలుకది ఎర్రన, దీని పై ముక్కు పసుపు. తోక చివర తెల్లగా ఉంటుంది. ఈశాన్య రాష్ట్రాల్లో దీనిలాగే ఉండే ఇంకో జాతి ఉంది కానీ, దాని తోక చివర లేత పసుపు. మన వైపు అది రాదు.

నల్లమల వైపు వెళ్ళినప్పుడల్లా నేను వీటి కోసం కళ్ళ కన్నా ముందు చెవులకే పని చెబుతాను. రామచిలుక గొంతు చించుకుని అరుస్తుంది. ఇది మాత్రం ఎగురుతూ "టుయ్? టుయ్?" అని ఏదో ప్రశ్న అడుగుతున్నట్టు మెత్తగా పలుకుతుంది. ఆ పలుకు విని తలెత్తేలోపే గుంపంతా చెట్ల మధ్య ఒక్కసారిగా మలుపు తిరిగి మాయమవుతుంది. ఎండాకాలం మొదట్లో మోదుగలు, బూరుగులు ఆకు రాల్చి పూసినప్పుడు చూడటం తేలిక. కండగల ఆ పూరేకులంటే వీటికి ఇష్టం. గాలి లేకుండానే కింద రేకులు రాలుతుంటే పైన కొమ్మల్లో వెతకండి. గింజలు, పండ్లు కూడా తింటాయి, పంట చేలమీదా పడతాయి. అందుకే రైతులకు వీటిమీద అంత ప్రేమ ఉండదు, వాళ్ళనీ తప్పు పట్టలేం.

గూడు చెట్టు తొర్రలో. సొంతంగా తొలుచుకుంటాయి, లేదంటే వడ్రంగి పిట్టలు వదిలేసిన తొర్రలో చేరతాయి. మన దేశంలో ఎక్కువగా డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా నాలుగు నుంచి ఆరు తెల్లని గుడ్లు పెడతాయి. పొదిగేది ఆడదే. ఎండిన మాను ఎందుకూ పనికిరాదని కొట్టేస్తుంటారు చూడండి, నాకు ఒళ్ళు మండేది అక్కడే.

ఇక పెంచుకోవడం మాత్రం వద్దండీ. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశపు అడవి చిలుకల్ని పట్టడం, అమ్మడం, పంజరంలో ఉంచడం నేరం. గూట్లోంచి జారిపడిన పిల్ల దొరికితే అటవీ శాఖ వాళ్ళకు కబురు చేయండి.